ఆరో రోజు లాంతరు

డాక్టర్ వకుళకి మొండివాళ్ళంటే పడదు. తనకంటే మొండివాళ్ళంటే అసలు పడదు. అందుకే ఆ సోమవారం పొద్దున ఖాళీ మంచం ముందు నిలబడి, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా, పది నిమిషాలపాటు అరిచింది.

ఆ మంచం మీద ఉండాల్సిన మనిషి పేరు ముత్యాలు. భీమిలి అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఒక చేపలవాళ్ళ ఊరు ఆమెది. వయసు ముప్పై నాలుగు, ఇద్దరు పిల్లలు, క్లోమంలో నిమ్మకాయంత కణితి. శుక్రవారం ఆమెకి మొదటి మందు ఎక్కించారు. రెండోది ఈ రోజు పదకొండింటికి ఎక్కించాలి. తీరా చూస్తే ముత్యాలు అత్తగారు నూకాలు, ఆదివారం సాయంత్రం కోడల్ని ఆటో ఎక్కించి ఊరికి తీసుకుపోయింది. దొంగతనంగా కూడా కాదు. నర్సుకి చెప్పి, దుప్పటి మడత పెట్టి మరీ వెళ్ళింది.

వకుళ ఫోన్ చేసింది. అవతల డప్పులు మోగుతున్నాయి.

"అమ్మోరి ఘటం మా గడపెక్కినాదమ్మా" అంది నూకాలు. "అమ్మోరు ఇంట్లో ఉండగా ఎవులి ఒంట్లోనూ సూది దిగకూడదు. మా అత్తనాటి కట్టు. బుధారం అమ్మోరు ఎల్లిపోతాది. గురువారం పొద్దున్నే నీ కాడుంటాం."

"నూకాలమ్మా, ఇక్కడ మందు ఆరిపోతోంది. ఇది నీ కోడలి ప్రాణం సంగతి."

"దాని పేణం సంగతే కదమ్మా నానూ సెప్తన్నాను."

ఫోన్ పెట్టేసింది. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మరి మొండి అత్తగారి బలం ఎంతో ఎవరూ కొలిచినట్టు లేదు.

సీసం గోడల గదిలో ఖాదర్ వలీ అప్పటికే పెట్టె మూత తీసి మీటరు పట్టుకుని కూర్చున్నాడు. కొండవాలులో ఉన్న ఆ పరిశోధనాలయంలో ముప్పై ఏళ్ళుగా రోగుల స్కాన్ బొమ్మలు తీస్తున్న మనిషి అతను. వకుళ ఈ ప్రయోగం మొదలుపెట్టిన రోజు నుంచీ పక్కనే ఉన్నాడు. పెట్టెలో చిన్న సీసా, అందులో నాలుగు చుక్కల నీళ్ళలాంటి మందు. తెల్లవారుజామున రియాక్టరు నుంచి డ్రోన్‌లో వచ్చింది. పది రోజుల్లో సగం ఆరిపోయే సరుకు అది.

"గురువారానికి ఐదో వంతు పోతుంది మేడమ్. పారెయ్యమంటారా, ఉంచమంటారా?"

"ఉంచండి. వేరేది రావాలంటే నెల పడుతుంది. ముత్యాలుకి నెల లేదు."

ఇక్కడ ఆ మందు సంగతి కాస్త చెప్పుకోవాలి. వకుళ కనిపెట్టినది రెండు మందుల వైద్యం. మొదటి మందులో యాంటీబాడీలుంటాయి. అవి ఒళ్ళంతా తిరిగి, కణితిని గుర్తుపట్టి, దాని గోడకి వెళ్ళి దిగబడతాయి. వాటివల్ల కణితి చావదు. అవి మేకులు, అంతే. కొన్ని రోజులాగి రెండో మందు ఎక్కిస్తారు. అది రేడియోధార్మికం, కాలుస్తుంది. మేకు ఎక్కడుంటే అక్కడే తగులుకుంటుంది. మేకు దొరకని మందు గంటలో ఒంటిలోంచి బయటికి పోతుంది. ముందు మేకులు కొట్టి, తర్వాత లాంతర్లు తగిలించడం. ఈ మాటలు వకుళవి కావు, ఆమె భర్త పరాంకుశానివి. ఆమె ఒకసారి అరగంటసేపు బోర్డు మీద గీసి వివరిస్తే, ఆయన చివరికి, "ఓస్, ముందు మేకు, తర్వాత లాంతరు. అంతేనా?" అన్నాడు. ఆ తర్వాత పరిశోధనాలయంలో అందరికీ అవే పేర్లు అయిపోయాయి.

పరాంకుశం గూడ్సు బండి గార్డు. గూడ్సు బండ్లకి ఇంకా గార్డులున్న ఆఖరి రోజుల్లో పనిచేసిన మనిషి. ఇప్పుడు ఆ చివరి పెట్టె తీసేసి, ఎర్రగా మిణుకుమనే డబ్బా ఒకటి తగిలించి పంపేస్తున్నారు. ఎక్స్‌ప్రెస్‌లు దూసుకుపోతుంటే లూప్ లైన్లో గంటలకి గంటలు ఆగి ఉండటమే ఆయన ఉద్యోగంలో సగం. ఆ ఆగడంలో ఆయన చాలా నేర్చుకున్నాడు, వకుళ ఏమీ నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో ఆమె ప్రతి మాటకీ "ఆలస్యం అమృతం విషం" అనేది. ఆయన "నిదానమే ప్రధానం" అనేవాడు. రెండూ మన సామెతలే. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం మనవాళ్ళు చెప్పలేదు.

ఆ వైద్యం అందుకున్న మొదటి రోగి పరాంకుశమే. నలభై ఒకటో రోజున పోయాడు. జబ్బు ఎముకల్లోకి పాకి పోయాడని వకుళ రిపోర్టు రాసింది. అప్పటికీ ఇప్పటికీ పంతొమ్మిది నెలలు.

ఆ తర్వాత నలుగురికి సగం మోతాదు ఇచ్చి చూశారు. వాళ్ళకి హానీ జరగలేదు, జబ్బూ తగ్గలేదు. ఇక ఈ ప్రయోగం మూసేద్దామని కమిటీ అంది. పరాంకుశానికి ఇచ్చినట్టే పూర్తి మోతాదు ఇంకో ఇద్దరికి ఇవ్వనివ్వండని వకుళ పోట్లాడి ఒప్పించింది. ఒకరు ముత్యాలు, ఇంకొకరు రాజాం నుంచి వచ్చిన లెక్కల మాస్టారు సింహాద్రి. మాస్టారికి బుధవారం మేకులు కొట్టారు. ఆయనకి లాంతరు శనివారం. మేకులకీ లాంతరుకీ మధ్య మూడు రోజులన్నది లెక్క. ఎలుకల్లో ఆ లెక్క సరిపోయింది. అంతకంటే ఆగితే కణితి మేకుల్ని మింగేస్తుందని ఎలుకలు చెప్పాయి.

గురువారం పొద్దున ఆరున్నరకే నూకాలు కోడల్ని తీసుకుని దిగింది. ఇద్దరి నుదుటా పసుపూ కుంకుమా ఉన్నాయి. వకుళ పలకరించలేదు. గొణుక్కుంటూనే లాంతరు ఎక్కించి, ముత్యాల్ని సీసం గదిలోకి పంపి తలుపు వేయించింది. ఆరు రోజులకి కణితి మేకులన్నీ మింగేసి ఉంటుంది, మందేమో ఐదో వంతు ఆరిపోయింది. ఆ ముసలమ్మ తన భక్తితో కోడలి ప్రాణం తీసిందనే వకుళ నమ్మింది.

శుక్రవారం పది గంటలకి ఖాదర్ కబురు పెట్టాడు. ఆమె వెళ్ళేసరికి గోడంత తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తెర మీద ముత్యాలు నిలువెత్తు బొమ్మ ఉంది.

"మేడమ్, రక్తం ఏదీ?" అన్నాడు.

వకుళకి ఆ ప్రశ్న అర్థమైంది. ఇదివరకటి అయిదుగురి బొమ్మల్లోనూ కణితితో పాటు రక్తనాళాలు కూడా వెలిగేవి. ఎముకలు లోపల్నుంచి మసకగా వెలిగేవి. అది మామూలేనని అందరూ అలవాటు పడిపోయారు. ఈ బొమ్మలో గుండె చీకటి, ఎముకలు చీకటి. క్లోమం దగ్గర మాత్రం, కరెంటు పోయిన వీధిలో ఒక్క ఇంట్లో దీపం పెట్టినట్టు, ఒకే ఒక్క వెలుగు.

"యంత్రం సరిగ్గా ఉందా?"

"రెండుసార్లు తీశాను."

ఆమె కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మనుషుల్లో కణితి మేకుల్ని మింగదు. ఎలుకలు అబద్ధం చెప్పాయి. కణితికి దిగిన మేకులు ఆరు రోజులైనా అలాగే ఉన్నాయి. దిగకుండా మిగిలిపోయి రక్తంలో తిరిగే మేకులు ఆ ఆరు రోజుల్లో కడుక్కుపోయాయి. లాంతరుకి తగులుకోవడానికి కణితి తప్ప వేరే చోటు లేకపోయింది. ఐదో వంతు తగ్గిన మందు, ఇదివరకు ఏ మందూ తగలనంత బలంగా కణితికి తగిలింది.

ఇరవై ఏళ్ళుగా ఈ బొమ్మ కోసమే ఎదురుచూసింది. కలల్లో కూడా చూసింది. ఇప్పుడు ఎదురుగా ఉంటే ఆమెకి ఇంకో బొమ్మ గుర్తొచ్చింది.

"ఒకటో నంబరు బొమ్మ పక్కన పెట్టమంటారా?" అన్నాడు ఖాదర్, ఆమె వైపు చూడకుండా.

పంతొమ్మిది నెలలుగా ఆమె ఆ బొమ్మ తియ్యమనలేదు. అతనూ తియ్యలేదు. తల ఊపింది.

పరాంకుశం తెర మీదికి వచ్చాడు. ఎడమ భుజం కాస్త వంగి ఉంటుంది ఆయనకి. బొమ్మలోనూ వంగే ఉంది. ఒళ్ళంతా వెలుగుతున్నాడు. గుండె, కాలేయం, వెన్నుపూసలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. తొడ ఎముకల్లో మూలుగంతా వెలుగే. ఆ మూలుగలోనే రక్తం పుడుతుంది. రక్తం పుట్టే చోట లాంతర్లు తగిలించింది తను. జబ్బు ఎముకల్లోకి పాకలేదు, మందే ఆ మూలుగని కాల్చేసింది.

వకుళ లేచి తన గదికి వెళ్ళి, బీరువా అడుగున ఉన్న పాత నోటుపుస్తకం తీసింది. తన చేతిరాతే. పరాంకుశానికి సోమవారం మేకులు కొట్టాక, బుధవారం సాయంత్రం తీసిన రక్తం: "వందకి పధ్నాలుగు మేకులు ఇంకా రక్తంలోనే. ఫరవాలేదు. రేపు ఎక్కిద్దాం." ఆ "ఫరవాలేదు" కింద గీత కూడా ఉంది. ఆ అంకె రిపోర్టులోకి ఎక్కలేదు. దాచాలని దాచలేదు, మళ్ళీ ఆ పుస్తకం తెరవలేదంతే. తెరవకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

అంకె కంటే ఆ బుధవారమే ఆమెని ఎక్కువ పట్టుకుంది. ఆ రోజు సాయంత్రం ఇంటి వెనక అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. వాళ్ళ ఇల్లు గోపాలపట్నం దగ్గర, వెనక గుమ్మంలోంచి లూప్ లైను కనిపిస్తుంది. రేపు పొద్దున ఆయన సీసం గదిలోకి వెళ్ళాలి.

"వకుళా, ఒక మాటడగనా?" అన్నాడు పరాంకుశం. "ఆదివారం దాకా నన్ను ఇంట్లో ఉండనియ్యి."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? ఆ గదిలోకి వెళ్తే మళ్ళీ ఎన్నాళ్ళకో నీ చెయ్యి తగిలేది. నువ్వు సెలవు పెట్టు. మూడు రోజులు. ఇరవై ఆరేళ్ళయింది, మనిద్దరం వరసగా మూడు రోజులు ఇంట్లో కూర్చున్నది లేదు. నువ్వుంటే నేను డ్యూటీ, నేనుంటే నువ్వు ల్యాబు. పనసపొట్టు కూర ఆవపెట్టి చెయ్యి. తిని ఇక్కడ కూర్చుందాం. వచ్చే బండి, పోయే బండి చూద్దాం."

"మందు వచ్చేసిందండీ. గంట గంటకీ ఆరిపోతోంది. ఆలస్యం..."

"అమృతం విషం" అని ఆయనే పూర్తి చేసి నవ్వాడు. ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. "సరే. బండి నాది, సిగ్నల్ నీది. నువ్వు ఇచ్చాక ఆగకూడదు."

గురువారం పదకొండింటికి ఆమె సిగ్నల్ ఇచ్చింది. సీసం గదిలో ఉన్నన్నాళ్ళూ అద్దం ఇవతలి నుంచి చూసింది. ఆయన రోజూ సాయంత్రం చేతి టార్చికి ఆకుపచ్చ కాగితం చుట్టి, గార్డు ఊపినట్టు ఊపేవాడు. అంతా బాగానే ఉంది, పోనియ్యి అని. ఆ తర్వాత రక్తకణాలు పడిపోయాయి. ఐసీయూలో గౌను, ముసుగు, రబ్బరు తొడుగులు వేసుకుని తప్ప ముట్టుకోనివ్వలేదు. ఆయన ఒట్టి చెయ్యి ఆమె ఒట్టి చేతిలో ఉన్నది ఆ బుధవారమే ఆఖరు. ఆ చెయ్యి కోసం ఆమె ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో చెప్పడానికి మాటలు చాలవు. ఇప్పటికీ అన్నం కలుపుతూ కలుపుతూ ఒక్కోసారి ఆగిపోయి తన అరచెయ్యి చూసుకుంటుంది.

మూడు రోజులు అడిగాడు. తన వైద్యం బతకడానికి సరిగ్గా ఆ మూడు రోజులే కావాలి. ప్రేమతో అడిగినది ఇచ్చి ఉంటే చాలు, సైన్సు దానంతటదే సరిపోయేది.

వకుళ నోటుపుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది. వసారాలో నూకాలు గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. డాక్టరమ్మ మొహం చూసి బెదిరిపోయి లేవబోయింది.

"ఏటమ్మా, మా కోడలు గుంటకేటైనా అయినాదా?"

"లేదు, నూకాలమ్మా. బాగుంది. చాలా బాగుంది. ఇంత బాగా ఎవరికీ పనిచెయ్యలేదు."

ముసలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, సముద్రం వైపో, ఊరి వైపో.

"ఆ మూడు రోజులూ ఏం చేశారు?" అంది వకుళ.

"ఏటి సేత్తాం? కూకున్నాం. అది అడిగినదల్లా వొండి పెట్టినాను. పిల్లలిద్దరూ దాన్ని ఒదల్నేదు. గదిలోకెల్తే ముట్టుకోకూడదని నువ్వే సెప్పినావు గదా. అందుకని రాత్రులు కూడా సెరోపక్కా అంటుకుని తొంగున్నారు." కొంగు సర్దుకుని, "కోపం పోనాదా అమ్మా?" అంది.

"నీ మీద కాదు నాకు కోపం."

"మీ ఆయన ఇక్కడే పోనాడంట గదా. నర్సమ్మ సెప్పినాది. ఇదే మందంట." నూకాలు ఆమె మొహంలోకి చూసింది. "మీ ఇంట్లో ఆపడానికి పెద్దోళ్ళెవులూ నేరామ్మా?"

వకుళ నోటుపుస్తకం చంకలో పెట్టుకుంది. నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళింది.

డైరెక్టరు విరూపాక్ష మంచివాడే. అప్పుడే ముత్యాలు బొమ్మ చూసి, కమిటీలో ఎవరెవరికి ఫోన్ చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు.

"వకుళగారూ, సాధించారు."

"రేపు సింహాద్రి మాస్టారికి లాంతరు ఆపండి."

"అదేమిటి? ఒక్క బొమ్మ చూసి పద్ధతి మార్చేస్తామా? కమిటీ ఒప్పుకున్నది మూడు రోజులకి. ఆరు రోజులంటే మళ్ళీ అనుమతులు, కాగితాలు..."

"ఒక్క బొమ్మ కాదు సార్. రెండు." నోటుపుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. "పధ్నాలుగు. ఇది చూసి కూడా ఎక్కించాను. మా ఆయన జబ్బుతో పోలేదు. నా తొందరతో పోయారు. రేపు మాస్టారికి ఇవ్వబోయేది అదే మోతాదు, అదే మూడో రోజు."

ఆయన ఆ పేజీ చదివి, వెనకా ముందూ తిప్పి చూశాడు. "ఇది రిపోర్టులో లేదే."

"లేదు. నేను రాయలేదు."

"ఇది బయటికొస్తే మీకేమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను. రాకపోతే రేపు పదకొండింటికి ఏమవుతుందో కూడా ఆలోచించాను."

విరూపాక్ష కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కిటికీలోంచి సముద్రం మీద ఎండ మెరుస్తోంది. చివరికి ఫోన్ తీసి, సింహాద్రి మాస్టారి మందు మంగళవారం దాకా ఆపమని చెప్పాడు. తర్వాత ఆమెతో, మెల్లగా, "విచారణ వెయ్యక తప్పదు. అదీ మంగళవారమే పెడతాను. అప్పటిదాకా మీరు ల్యాబుకి రాకూడదు. ఇంటికి వెళ్ళండి" అన్నాడు.

శని, ఆది, సోమ. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లెక్క తప్పడానికి అందులో ఏముంది, అయినా రెండోసారి లెక్కపెట్టింది.

వెళ్ళేముందు ఒక కాగితం మీద కొత్త పద్ధతి రాసి ఖాదర్ చేతికిచ్చింది. తను ఉన్నా లేకపోయినా అది కమిటీకి చేరాలి. రెండు మందుల మధ్య ఆరు రోజుల ఎడం అని రాసి, దాని కింద, "ఈ ఆరు రోజులూ రోగి ఇంట్లో, తనవాళ్ళ మధ్య గడపాలి" అని రాసింది.

ఖాదర్ చదివి, "రెండో వాక్యానికి కారణం అడుగుతారు మేడమ్. ఆసుపత్రిలో ఉన్నా రక్తం శుభ్రపడుతుంది కదా" అన్నాడు.

"అడిగితే నన్ను పిలవమనండి. చెబుతాను."

అతను దాన్ని ఇంకోసారి చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర సింహాద్రి మాస్టారు, ఆయన భార్య సంచులతో ఆటో కోసం నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో రూళ్ళ పుస్తకం, పెన్ను. జాగ్రత్తలు రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

"మంగళవారం దాకా ఏం చెయ్యమంటారు డాక్టరుగారూ?"

"ఏమీ చెయ్యొద్దు మాస్టారూ. ఇద్దరూ కూర్చోండి."

ఆయన అది కూడా రాసుకున్నాడు.

శనివారం పొద్దున వకుళ బజారుకి వెళ్ళి పనసపొట్టు కొట్టించుకు వచ్చింది. ఆవ నూరింది. పాళ్ళు మరిచిపోయి కాస్త ఘాటెక్కింది. తిని, కళ్ళు తుడుచుకుని, వెనక అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఫోన్ లోపలే వదిలేసింది. మొదటి గంట చాలా కష్టంగా గడిచింది. చేతులకి ఏ పనీ లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంత చిన్న పని ఆయన అడిగితే తనకెందుకు అంత కష్టమైపోయిందా అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

నాలుగింటికి కొండల మీంచి ఇనుపరాయి మోసుకుంటూ ఒక గూడ్సు వచ్చి లూప్ లైన్లో ఆగింది. పక్క పట్టా మీద ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది, మరి కాసేపటికి ఇంకొకటి పోయింది. గూడ్సు మాత్రం కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. నీడలు సాగి అరుగు ఎక్కాయి. అప్పుడు సిగ్నల్ ఆకుపచ్చ అయింది. పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుంటూ కదిలాయి. వకుళ చిట్టచివరి పెట్టె కోసం చూసింది. దాని వెనక ఎర్రగా మిణుకుమనే డబ్బా తప్ప ఎవరూ లేరు. అయినా చెయ్యెత్తి, అది మలుపు తిరిగేదాకా ఊపింది.

తర్వాత మళ్ళీ కూర్చుంది. ఆయన అడిగినవాటిలో ఇంకా రెండు రోజులున్నాయి.